ఒళ్ళు నొప్పులకూ ఒక పేరుంది: ఫైబ్రోమయాల్జియా, ఇంటి పని, నడక

"ఒళ్ళు నొప్పులు" అనే మాట మన ఇళ్ళల్లో వినపడని రోజుండదు. అమ్మ అంటుంది, అమ్మమ్మ అంటుంది, పరీక్షల ముందు మనమూ అంటాం. విన్నవాళ్ళు "కాస్త బామ్ రాసుకో" అనేసి తమ పనిలో పడతారు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. రెండు రోజుల్లో తగ్గే నొప్పి గురించి గోడ పత్రికలో రాయాల్సిన పని లేదు. కానీ మూడు నెలలు దాటినా తగ్గకుండా, మెడ, భుజాలు, నడుము, తుంటి, కాళ్ళు అని లేకుండా ఒళ్ళంతా ఉండి, దానితోపాటు పడుకుని లేచినా తీరని అలసట, మతిమరుపు కూడా ఉంటే, అలాంటి నొప్పికి వైద్యంలో ఒక పేరుంది. అదే ఫైబ్రోమయాల్జియా.

మా మేనత్తకి ఈ జబ్బు ఉంది. హోసూరులో ఉంటుంది, వయసు నలభై ఏడు. ఈ పేరు చెవిన పడటానికి ఆమెకి నాలుగేళ్ళు పట్టింది. రక్తపరీక్షలు బాగున్నాయి, ఎక్స్-రే బాగుంది. అందుకని ఇంట్లో అందరూ "ఏమీ లేదంట" అనేశారు. ఏమీ లేనప్పుడు పడుకోవడం ఎందుకు అని కూడా అన్నారు. చివరికి కీళ్ళ జబ్బుల డాక్టరు ఒకాయన అరగంట కూర్చోబెట్టి మాట్లాడి, జబ్బు పేరు చెప్పి, మందులు రాసి, "రోజూ వ్యాయామం చెయ్యాలమ్మా" అన్నారట. దానికి అత్త అడిగిన ప్రశ్న ఇది: "పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పదింటికి నడుం వాలుస్తాను. మధ్యలో కూర్చునేదే లేదు. ఇదంతా వ్యాయామం కాదా సార్?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతికే ప్రయత్నం. ముందు జబ్బు గురించి కొంచెం చెప్పుకుని అక్కడికి వద్దాం.

పేరు ఎలా వచ్చింది

ఫైబ్రో అంటే నార, మయ్ అంటే కండ, ఆల్జియా అంటే నొప్పి. లాటిన్, గ్రీకు ముక్కలు కలిపి కుట్టిన మాట ఇది. అంతకుముందు దీన్ని ఫైబ్రోసైటిస్ అనేవాళ్ళు. 1904లో విలియం గోవర్స్ అనే ఇంగ్లండు వైద్యుడు వాడిన పేరది. వైద్యభాషలో చివర "ఐటిస్" ఉంటే వాపు అని అర్థం. కండల నారల్లో వాపు ఉండబట్టే నొప్పి అని అప్పటి ఊహ. తర్వాత వెతికితే ఆ వాపు కనపడలేదు. అందుకే 1970లలో వాపు పోయి, పేరులో నొప్పి మాత్రం మిగిలింది.

వందమందిలో ఇద్దరి నుంచి నలుగురి దాకా ఈ జబ్బు ఉంటుందని లెక్క. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళకీ, మన వయసు వాళ్ళకీ కూడా వస్తుంది గానీ, ఎక్కువగా బయటపడేది నడివయసులో.

దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ఒంటి మీద 18 చోట్లు గుర్తించి, ఒక్కోచోట సుమారు 4 కిలోల ఒత్తిడితో వేలితో నొక్కాలి. 11 చోట్ల నొప్పి అంటే ఈ జబ్బు ఉన్నట్టు. 2010లో ఆ నొక్కే పద్ధతికి బదులు అడిగి తెలుసుకునే పద్ధతి వచ్చింది, 2016లో దాన్ని మళ్ళీ సవరించారు. ఒంటిని 19 భాగాలు చేసి గత వారంలో ఎక్కడెక్కడ నొప్పి ఉందో అడుగుతారు. అలసట, లేవగానే ఉండే బడలిక, జ్ఞాపకం, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడిగి మార్కులు వేస్తారు. మూడు నెలలుగా ఇదే పరిస్థితి ఉండాలి. అంటే రోగి చెప్పే మాటే ఇక్కడ ముఖ్యమైన ఆధారం. రక్తపరీక్షలు చేయించేది థైరాయిడ్, రుమటాయిడ్ కీళ్ళవాతం లాంటివి ఉన్నాయేమో చూడటానికి. అవి "బాగున్నాయి" అంటే ఆ జబ్బులు లేవని అర్థం. నొప్పి లేదని అర్థం కాదు. మన ఇళ్ళల్లో ఎక్కువ గొడవ జరిగేది ఈ ఒక్క మాట దగ్గరే.

తక్కెడ ఎక్కువ తూగితే

మరి వాపు లేదు, దెబ్బ లేదు, నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది? 2002లో అమెరికాలో రిచర్డ్ గ్రేస్లీ, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళు 16 మంది, లేనివాళ్ళు 16 మంది. అందరికీ బొటనవేలి గోరు మీద ఒత్తిడి పెట్టి, అదే సమయంలో మెదడుని స్కాన్ చేశారు. జబ్బు ఉన్నవాళ్ళకి దాదాపు సగం ఒత్తిడికే, రెండోవాళ్ళకి పూర్తి ఒత్తిడి పెడితే వచ్చినంత నొప్పి వచ్చింది. వాళ్ళు నోటితో చెప్పిన నొప్పికి తగ్గట్టే స్కానులో మెదడు భాగాలు కూడా స్పందించాయి. అంటే వాళ్ళు పెంచి చెప్పడం లేదు.

సంతలో ఒక్కో తక్కెడ ఉంటుంది, అరకిలో టమాటా పెడితే కిలోకి దగ్గరగా చూపిస్తుంది. ఫైబ్రోమయాల్జియాలో వెన్నుపాము, మెదడు ఆ తక్కెడలా పనిచేస్తాయి. చిన్న బరువుని పెద్ద బరువుగా తూస్తాయి. గాజులు వేసేటప్పుడు చేతికి తగిలే ఒత్తిడి, బస్సులో పక్కవాళ్ళ మోచెయ్యి, చిన్నపిల్ల ఒళ్ళోకి ఎక్కడం కూడా నొప్పిగా తెలుస్తాయి. కొందరికి గట్టి శబ్దం, వెలుతురు, ఘాటు వాసన కూడా ఎక్కువగానే తగులుతాయి. ఒంట్లో గాయం వల్ల వచ్చే నొప్పి ఒక రకం, నరం దెబ్బతిని వచ్చేది ఇంకో రకం. ఇలా నొప్పిని తూచే పద్ధతే మారిపోవడాన్ని మూడో రకంగా 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం గుర్తించి, "నోసిప్లాస్టిక్" నొప్పి అని పేరు పెట్టింది.

దీనికి నిద్రతో కూడా లంకె ఉంది. 1975లో టొరంటోలో హార్వే మోల్డోఫ్‌స్కీ అనే వైద్యుడు, ఏ జబ్బూ లేనివాళ్ళని గాఢనిద్రలోకి జారుకోగానే శబ్దంతో కదిలిస్తూ వచ్చాడు. పూర్తిగా లేపలేదు, గాఢనిద్ర మాత్రం పట్టనివ్వలేదు. కొన్ని రాత్రులకే వాళ్ళకి కండలు ముట్టుకుంటే నొప్పి, బడలిక మొదలయ్యాయి. నొప్పి వల్ల నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది. ఈ సుడిలో పడ్డ మనిషి పొద్దున లేచేసరికే అలసిపోయి ఉంటుంది.

"ఇదంతా వ్యాయామం కాదా?"

ఇప్పుడు అత్త ప్రశ్న. ఫైబ్రోమయాల్జియా వైద్యం మీద యూరప్ కీళ్ళవైద్యుల సంఘం 2016లో సిఫార్సులు సవరించింది. మందులు, మాటల చికిత్స, ఇంకా చాలా వాటిని తూచి చూసి, "గట్టిగా సిఫార్సు చేస్తున్నాం" అని చెప్పింది ఒక్క వ్యాయామాన్నే. కాబట్టి డాక్టరుగారు చెప్పింది నిజమే. కానీ అత్త అడిగింది కూడా న్యాయమైన ప్రశ్నే.

2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు కదులుతూనే ఉన్న మనిషిని "ఇంకా కదులు" అంటే ఏమనుకుంటుంది?

స్పెయిన్‌లో గ్రనడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆండలూసియా ప్రాంతంలో ఫైబ్రోమయాల్జియా ఉన్న వందలాది మహిళల మీద పరిశీలన చేశారు. నడుముకి కదలికను కొలిచే చిన్న పరికరం కట్టి, చాలా రోజులు ఉంచారు. ఎక్కువసేపు కూర్చునే ఉన్నవాళ్ళలో నొప్పి, అలసట ఎక్కువగా, తేలికపాటి కదలిక ఎక్కువ ఉన్నవాళ్ళలో తక్కువగా కనిపించాయి. ఇందులో ఒక మెలిక ఉంది. కూర్చోవడం వల్ల నొప్పి పెరిగిందా, నొప్పి వల్ల కూర్చుండిపోయారా అన్నది ఇలాంటి పరిశీలన తేల్చలేదు. రెండూ నిజం కావచ్చు.

అది తేలాలంటే కొందరిని కదిలించి చూడాలి. 2010లో అమెరికాలో కెవిన్ ఫాంటైన్ బృందం ఆ పని చేసింది. పెద్దగా కదలిక లేని 84 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి జబ్బు గురించి పాఠాలు, మాటసాయం. రెండో జట్టుకి జిమ్ముకి పొమ్మని చెప్పలేదు. మామూలు రోజులోనే చిన్న చిన్న ముక్కలుగా కదలిక పెంచమన్నారు. కాస్త నడవడం, మెట్లెక్కడం, తోటపని, ఇంటి పని, అన్నీ లెక్కలోకే. 12 వారాల్లో వాళ్ళ అడుగుల లెక్క 54 శాతం పెరిగింది. నొప్పి తగ్గింది, రోజువారీ పనులు తేలికయ్యాయి. కానీ పర్యవేక్షణ ఆగి ఏడాది గడిచాక చూస్తే ఆ తేడా నిలవలేదు. అంటే మూడు నెలల కోర్సులాగా చేసి వదిలేస్తే లాభం లేదన్నమాట.

కాబట్టి ఇంటి పనీ కదలికే, కాదనడానికి లేదు. మరి అత్తకి అది మేలెందుకు చెయ్యడం లేదు? ఆమె రోజుని పక్కనుండి చూసి రాసుకున్నాను. నాకు అర్థమైనవి మూడు.

ఒకటి, పనిలో చాలా భాగం కదలిక కాదు, ఒకే భంగిమలో బిగుసుకుని ఉండటం. పొయ్యి దగ్గర నిలబడటం, వంగి ముగ్గు వెయ్యడం, దుప్పట్లు పిండటం, నీళ్ళ లారీ దగ్గర బిందె చంకన పెట్టుకుని వరసలో ఆగడం. కాళ్ళు నడవవు, కండలు మాత్రం పట్టేసి ఉంటాయి. గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా, ఒళ్ళు వదులయ్యేలా చేసే నడక ఇందులో తక్కువ.

రెండు, మోతాదు లేదు. వ్యాయామానికి ఇంతసేపు అని ఉంటుంది. ఇంటి పనికి అది లేదు, పని అయ్యేదాకా చెయ్యడమే. చుట్టాలొస్తే రెట్టింపు అవుతుంది, వాళ్ళు ఎప్పుడొస్తారో మన చేతిలో లేదు.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అనేది పని చేసే మనిషి చేతిలో లేదు. ఆరున్నరకి టిఫిన్ డబ్బా తయారుగా ఉండాలి, నొప్పి ఉన్నా సరే. నడకని ఆపినట్టు ఇడ్లీ పిండిని సగంలో ఆపలేం.

మంచి రోజు పెట్టే ఇబ్బంది

ఫైబ్రోమయాల్జియాలో ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు మంచం దిగనివ్వదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అత్తని ఎక్కువ దెబ్బతీసేది ఆ మంచి రోజే. పొంగలికి ముందు ఒకరోజు ఒళ్ళు తేలిగ్గా ఉందని అటకలన్నీ దులిపి, దుప్పట్లు, కర్టెన్లు ఉతికి, సాయంత్రం మురుకులకి కూర్చుంది. ఆ తర్వాత నాలుగు రోజులు లేవలేదు. "జాస్తి అయిపోయిందే" అని ఆమె, "మొన్న బాగానే చేసింది కదా" అని మిగతావాళ్ళు. మంచి రోజున బాకీలన్నీ తీర్చడం, తర్వాత పడిపోవడం, పడిపోయినన్ని రోజులూ పని పేరుకోవడం, మళ్ళీ మంచి రోజు రాగానే ఆ పేరుకున్నదంతా మీదేసుకోవడం. ఇలా నెలలు గడిచేకొద్దీ మంచి రోజులు తగ్గిపోతాయి. కండల బలం తగ్గుతుంది, కదలాలంటే భయం మొదలవుతుంది.

దీనికి ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పే మందు, పని చేసినా నడిచినా మోతాదు పెట్టుకోవడం. ఒళ్ళు "ఇక చాలు" అన్నప్పుడు ఆగితే అప్పటికే ఆలస్యం. నొప్పిని చూసి కాదు, గడియారాన్ని చూసి ఆగాలి. పద్ధతి ఇలా ఉంటుంది:

మూడు నాలుగు రోజులు, మంచిదీ చెడ్డదీ కలిపి, నొప్పి పెరగకుండా ఎన్ని నిమిషాలు నడవగలమో చూసుకోవాలి. ఎనిమిది అని తేలితే ఆరు నిమిషాలతో మొదలుపెట్టాలి. చేతనైనదానికంటే కొంచెం తక్కువన్నమాట. బాగున్న రోజూ ఆరే, బాగాలేని రోజూ వీలైతే ఆరే, కాకపోతే మూడు మూడుగా రెండుసార్లు. వారమో, రెండు వారాలో నిలకడగా సాగాక ఒక నిమిషం పెంచాలి. మొదట్లో కాస్త నొప్పి పెరగడం మామూలే. మర్నాటికీ తగ్గకుండా ఉంటే వెనక్కి రావాలి, అంతేగానీ మానెయ్యకూడదు. నడకతో పాటు వారానికి రెండుసార్లు తేలికైన బరువులతో కండలకి పని, ఇష్టమైతే యోగా, నీళ్ళలో వ్యాయామం. ఏది ఎంచుకున్నా వదలకుండా చెయ్యగలిగేదే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి 150 నిమిషాలు చెప్పింది గానీ, మొదటి రోజే ఆ అంకె చూసి భయపడక్కర్లేదు. అసలు లేనిదానికంటే కొంచెమైనా మేలని చెప్పింది కూడా ఆ సంస్థే.

పని పంచితేనే మోతాదు

"గడియారం చూసి ఆగాలి" అని రాయడం సులువే. మిగిలిన పని ఎవరు చేస్తారు? ఈ ప్రశ్నకి జవాబు లేకపోతే పైన చెప్పిందంతా కాగితం మీదే ఉండిపోతుంది. అత్త వాళ్ళింట్లో నేనూ, మా బావా, మామయ్యా కూర్చుని ఆమె పనులన్నీ రాశాం. ఇరవై ఆరు వచ్చాయి. ఇన్ని ఉన్నాయని మామయ్యకి అప్పటిదాకా తెలీదు.

బిందెలు మోయడం, గ్రైండరు రాయి ఎత్తి కడగడం, దుప్పట్లు ఉతకడం, ఈ మూడూ బావవి. రాత్రి గిన్నెలు మామయ్యవి. కూరగాయలు తరగడం అత్తదే, కానీ ఎత్తు స్టూలు మీద కూర్చుని, పావుగంట కాగానే లేచి నాలుగడుగులు వెయ్యాలి. ఉతకడం వారానికి ఒకేసారి కాకుండా మూడుసార్లు, కొంచెం కొంచెంగా. ముగ్గు మానమంటే ఒప్పుకోలేదు. అందుకని చిన్న ముగ్గు, అది వెయ్యగానే వీధి చివరిదాకా నడక. ఆమె ఆరు నిమిషాలు అక్కడే కుదిరాయి.

ఎనిమిది నెలలయింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు నడుస్తుంది. నొప్పి పోయిందా అంటే పోలేదు. చెడ్డ రోజులు వస్తూనే ఉన్నాయి, కానీ నాలుగు రోజుల మంచం ఒకటిన్నర రోజుకి దిగింది. నిద్ర కొంచెం మెరుగు. మందులు మానలేదు, మానకూడదు కూడా, డాక్టరు చెబితే తప్ప. ఒక మనిషి అనుభవం అందరికీ వర్తించదు, కానీ పంచుకోవడం అనేది వైద్యంలో భాగమేనని మా ఇంట్లో వాళ్ళకి అర్థమైంది.

నొప్పికి మన భాషలో మాటలు

తెలుగు శాఖ పత్రిక కాబట్టి ఈ సంగతి ఇక్కడే చెప్పాలి. రోగి మాటే ఆధారం అయిన జబ్బులో ఆ మాట ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. మన తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళు ఇక్కడి ఆసుపత్రిలో తమిళంలో చెప్పుకోవాలి. అత్త ఏళ్ళ తరబడి చెప్పింది ఒకటే, "ఉడంబెల్లాం వలి". డాక్టరుకి దానివల్ల తెలిసేది చాలా తక్కువ. అదే ఇంట్లో తెలుగులో అడిగితే, భుజాలు పీకుతున్నాయంటుంది, పిక్కలు గుంజుతున్నాయంటుంది, అరికాళ్ళు మంట, వేళ్ళు తిమ్మిరి, మెడ పట్టేసింది, తలలో పోటు, రాత్రిపూట తుంటి సలుపు. ఇవన్నీ వేరువేరు సంగతులు. మంట, తిమ్మిరి అంటే నరాల వైపు చూడాలని డాక్టరుకి తోస్తుంది, మధుమేహం ఉందేమో అడుగుతారు. పొద్దున లేవగానే ఎంతసేపు బిగుతుగా ఉందో చెబితే కీళ్ళవాతం సంగతి తేలుతుంది. అందుకని తోడు వెళ్ళే మనం ముందురోజే ఇంట్లో తెలుగులో అడిగి, ఎక్కడ, ఎలా, ఏ వేళ, ఏం చేస్తే జాస్తి అవుతుంది అన్నది ఒక కాగితం మీద రాసుకుని, అక్కడ తమిళంలోనో ఇంగ్లిషులోనో చెబితే మంచిది. "కుడైచ్చల్" లాంటి మంచి మాటలు తమిళంలోనూ ఉన్నాయి, స్నేహితురాళ్ళని అడిగి నేర్చుకోండి.

ఇవి కనిపిస్తే ఆగకండి

ఒళ్ళు నొప్పులన్నీ ఫైబ్రోమయాల్జియా కాదు. కీళ్ళు వాచి ఎర్రబడటం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలో చెయ్యో బలం పోవడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం, నడుస్తుంటే గుండెలో నొప్పి లేదా ఆయాసం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఫైబ్రోమయాల్జియా ఉందని తేలినవాళ్ళకి కూడా ఇంకో జబ్బు రావచ్చు. కొత్తగా ఏది కనిపించినా "అదే నొప్పిలే" అని వదిలెయ్యకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ మాత్రలు ఈ జబ్బుకి పనిచెయ్యవు, హాని మాత్రం చేస్తాయి.

చదువుతున్న అక్కచెల్లెళ్ళకి ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి ఒళ్ళు నొప్పులంటుంటే, ఈ ఆదివారం కాగితం తీసుకుని ఆమె చేసే పనులన్నీ రాయండి. అందులో బరువైనది ఒకటి చూసి మీ పేరు రాసుకోండి. ఇంకోటి అన్నదో తమ్ముడిదో నాన్నదో పేరు రాయండి. అలా మిగిలిన సమయంలో ఆమె వీధి చివరిదాకా నడిచి రావాలి. ఆ నిమిషాల్లో ఎవరూ ఆమెని వెనక్కి పిలవకుండా చూసుకునే బాధ్యత కూడా మీదే.

– బి.ఎస్సీ. జంతుశాస్త్రం రెండో సంవత్సరం, పార్ట్-1 తెలుగు విద్యార్థిని